టీవీతో మొహమాటం

“ఏమన్నా ముట్టుకున్నావా అవ్వా?”

“నేనేల ముట్టుకుంటానే? నీ నెట్టు చెడిపోతే నా మీదికెందుకు వస్తాండావు?”

“హిందూపురంలో అమ్మకు బొమ్మ బాగా కనపడతాండాది. నీకొక్కదానికే రాలేదు!”

“అయితే పెనుకొండ కంపెనీవాణ్ణి అడుగు పో!”

ధర్మవరం మగ్గాల దగ్గర నుంచి ఫోన్లో అరుస్తున్నది నా మనవరాలు హరిత. పెనుకొండ చీరల కొట్లో కూర్చుని తిరిగి అరుస్తున్నది నేను. మూడో తరగతి చదువుతో మూడు ఊళ్ల నెట్టును నేనెలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వుకు ఖర్చేం లేదు.

మా మగ్గాలు ధర్మవరంలో, నా కొట్టు పెనుకొండలో, కోడలి కొట్టు హిందూపురంలో. ఊరికొక కంపెనీ నెట్టు. ఆ తీగల్లోనే బయటివాళ్లకు కనపడని దారి, మా ఇంటి దావ ఒకటి వేసి, మగ్గం మీది చీరను రెండు కొట్ల టీవీల్లోనూ చూపాలని హరిత పట్టు.

“కొట్టుకొకసారి పంపితే దండగ కదే?”

“ఒక్కసారే పంపుతామవ్వా. దావ చీలేకాడ అదే రెండవుతుంది. అదీ కావాలన్నోళ్లకే పోతుంది.”

ఒక్క ఎసరుతో రెండిళ్లకు అన్నం! ఆ పిల్ల నా మనవరాలేనని ఆ రోజు నమ్మకం కుదిరింది.

తీరా పెళ్లివారు వచ్చి కూర్చుంటే టీవీ పెనం అడుగులా నల్లగా ఉంది. వాళ్లు నా చేజారి కోడలి కొట్టుకు పోతే ఆమె ముందు తలెత్తేదెలా? హరిత మూడు కంపెనీలకూ ఫోన్ చేసింది. “మా వైపు అంతా బాగుండాది మేడం” అని ముగ్గురిదీ ఒకే పాట. వియ్యంకుల పంచాయితీలో కూడా ఇంతమంది నిర్దోషులను చూడలేదు. పాపం, పిల్ల వేసిన దావంతా పీకి మళ్లీ వేసింది. సాయంత్రానికి పెళ్లివారు “రేపు పొద్దున వస్తాంలేమ్మా” అని లేచారు.

అప్పుడు హరిత గొంతు తగ్గించింది. “అవ్వా, టీవీ పెట్టంగానే ఏమన్నా అడిగిందా?”

“అడిగింది. ‘చూస్తారా?’ అని.”

“నువ్వేమన్నావు?”

“వద్దని నొక్కినా.”

“ఎందుకవ్వా!”

“మొదటిసారి అడగంగానే అవునంటారా ఎవరన్నా? మనమేమన్నా మొహం వాచినోళ్లమా? ఇంకోసారి అడుగుతుందిలే అని పొద్దున్నుంచి చూస్తాండా.”

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పెంపకం లేని మిషను అడిగింది, వద్దంటే నిజంగానే పెట్టలేదు! మొహమాటానికి పోతే టీవీ నల్లబడింది.

ఆ సాయంత్రమే దేవుడి పటం ముందు సగం బిళ్ల కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఒక అడుగుడుకు ఒకటే జవాబు. నేను బతిమాలించుకోను, ఎవరినీ బతిమాలను.

మర్నాడు ఉదయం టీవీ అడగ్గానే ‘అవును’ నొక్కాను. చీరలు ధగధగమంటూ వచ్చాయి. పెళ్లివారూ వచ్చారు. “కాఫీ తాగుతారా?” అన్నాను. “వద్దులేమ్మా” అంది పెళ్లికూతురి తల్లి. సరేనని పొయ్యి ఆర్పేశాను. వాళ్లు కాసేపు టీవీ చూసి, లేచి హిందూపురం బస్సెక్కారు.

అక్కడ నా కోడలు రెండోసారి కూడా అడిగిందట.