వదిలేయమన్న చివరి పేరు

ప్రూఫులు దిద్దే ఆమెను అచ్చాఫీసులో అందరూ ప్రూఫక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆమెది ఒకటే పద్ధతి: పేజీలు కూర్చే మరిది పైకి చదువుతాడు, ఆమె వరుస వెంట పెన్సిలు నడుపుతుంది. అంచున "ఒమిట్" అని రాసి ఉంటే మాత్రం ఆ వరుసను రెండుసార్లు చదివించుకుంటుంది. ఆ ఆంగ్లపదానికి ఆమె చెప్పే అర్థం నిఘంటువు కంటే కాస్త పొడవు.

"మరిచిపోయి వదిలినా, కావాలని వదిలినా ఈ మాటే వాడతారు. మరిచిపోతే మనం గుర్తుచేయాలి. కావాలని వదిలితే ఎందుకని అడగాలి."

ఒకరోజు ఒక బడి యాభయ్యేళ్ల సంచికలోని చివరి పేజీ దిద్దుబాట్లతో తిరిగివచ్చింది. తెచ్చింది ఆ బడి ఆయా. కవరు ఇచ్చాక కూడా ఆమె బల్ల దగ్గరే నిలబడింది.

"పంతొమ్మిదేళ్ల సర్వీసమ్మా నాది. పుస్తకంలో నా పేరు పడుతోందంటే మా కోడలు నమ్మట్లేదు. ఎక్కడుందో కాస్త చూపిస్తావా?"

సిబ్బంది జాబితాలో చిట్టచివరి పేరు ఆమెదే. పక్కన బడి గుమాస్తా చేతిరాత: ఒమిట్.

పైకి చదువుతున్న మరిది ఆ వరుస దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏం బాబూ, ఆపేశావు?" అంది ఆయా.

"గొంతు పట్టేసింది పిన్నీ."

"ఉండు, నీళ్లు తెస్తా," అంటూ ఆయా వెనక గదిలోకి నడిచింది.

ఇచ్చిన ప్రతిని సొంతంగా మార్చకూడదన్నది ప్రూఫక్క నియమం. అందుకే గుమాస్తాకు ఫోను చేసింది.

"ఆయా పేరెందుకు వదిలేస్తున్నారండీ?"

"కోపంతో కాదండీ బాబూ! పేజీకి ఒక్క వరుస ఎక్కువైంది. ఆవిడ చివర ఉంది, అంతే."

"తగ్గించే చోటు పైన కూడా ఉంది. మీ హోదాలే రెండు వరుసలు నడిచాయి. ఒకటి తగ్గిస్తే సరి."

అవతలి నుంచి నవ్వు వినిపించింది.

"బాగానే దొరికిపోయాను. ఆ 'ప్రధాన సమన్వయకర్త' తీసేయండి. ఆవిడ పేరు ఉంచండి."

ఆయా గ్లాసుతో వచ్చేసరికి మరిది పేజీ సరిచేసి కొత్త ప్రతి తీశాడు. ఆమె వేలు పెట్టి తన పేరును కూడబలుక్కుంది. మళ్లీ మొదటినుంచి ఇంకోసారి.

"చివర్న ఉన్నానని చిన్నబుచ్చుకోకు," అంది ప్రూఫక్క.

"అదే మంచిదమ్మా. వెతక్కుండా దొరుకుతాను మా కోడలికి."

కాగితం నలగకుండా చుట్ట చుట్టి పట్టుకొని, ఆమె హుషారుగా మెట్లు దిగింది.