సోలాపూర్‌లో చిన్నమ్మ బీడీల బుట్ట, పద్మ ఓరల్ పరీక్ష

తొంభైల మొదట్లో నేను సోలాపూర్ వెళ్లింది కోట చూడటానికో దుప్పట్లు కొనడానికో కాదు. మా చిన్నమ్మ కూతురు పద్మ అక్కడ పన్నెండో తరగతిలో సమాజశాస్త్రం తీసుకుంది. ముందు ఏడాదే ఆ సబ్జెక్టు గట్టెక్కినదాన్ని కనుక, ఓరల్ పరీక్షకు ముందు దానికి నాలుగు ముక్కలు చెప్పి రమ్మని అమ్మ నన్ను రైలెక్కించింది. సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి దిగుతాం. స్టేషన్ బయట ఆటో అతను అశోక్ చౌక్‌కు పది రూపాయలన్నాడు. నేను తెలుగులో గొణిగేసరికి మెత్తబడ్డాడు.

"మీదే ఊరక్కా?"

"వరంగల్లు."

"అయితే మనోళ్లే. ఎనిమిదియ్యి, కూసో."

అశోక్ చౌక్ వెనక సందుల్లో ఏ గోడ పక్కన నిలబడ్డా మరమగ్గాల చప్పుడే. అక్కడ అరుపే మామూలు గొంతు. ఇల్లు చేరేసరికి చిన్నమ్మ కుడిచెయ్యి వాచి, గుడ్డకట్టుతో ఉంది. పద్మ ఒళ్లో పుస్తకం లేదు, చేట ఉంది. తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతోంది. సంగతేమిటంటే, చిన్నమ్మకు బీడీ కంపెనీవాళ్లిచ్చిన కార్డు ఉంది. తెచ్చుకున్న ఆకుకు సరిపడా బీడీలు ఆ సాయంత్రం అప్పగించకపోతే కార్డు తీసేస్తామన్నారట. బాబాయి మగ్గం మీద తెచ్చేదానితో ఒక్కదానితో ఇల్లు గడవదు. ఓరల్ చూస్తే మధ్యాహ్నమే.

"కార్డు పోతే మళ్ల దొర్కదక్కా. పరీక్ష వచ్చే యేడు రాస్త," అంది పద్మ తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండింది. చేట లాక్కుని నేనే కూర్చున్నాను. శ్రమ విభజన గురించి పేజీలకు పేజీలు రాసినదాన్ని, బీడీ చుట్టలేనా? తంటాలు పడి ఎలాగో ఒక కట్ట చేశాను. పక్కింటి రాజవ్వ దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వడం అయ్యాక వాకిట్లోకి వెళ్లి కేకేసింది: "చల్, లవ్‌కర్! జల్ది రాండ్రి. పోరి పరీక్షకు పోవాలె!"

సందులోని ఆడవాళ్లు తమ బుట్టల్లోంచి కట్టలు తెచ్చి చిన్నమ్మ బుట్ట నింపారు. బదులుగా ఆమె ఆకూ తంబాకూ పంచుకున్నారు, మర్నాడు చుట్టుకోవడానికి. ఎవరికి జ్వరమొచ్చినా, కాన్పైనా అక్కడ ఇదే పద్ధతట.

"చెకర్ గుర్తువడ్తడమ్మా! కార్డున్నోళ్ల చేతి పనే కావాలంటడు," అని పద్మ గింజుకుంది. చెకర్ అంటే కార్ఖానాలో బీడీలు సరిచూసి తీసుకునేవాడు.

"గాయిన సంగతి నేను చూస్త. నువ్వు నడువు," అంది చిన్నమ్మ.

జొన్నరొట్టె, పల్లీల చట్నీ తింటూనే పద్మ నాకు పాఠం అప్పజెప్పింది. నేను ఉమ్మడి కుటుంబం అంటే, అది మరాఠీలో ఏకత్ర కుటుంబ్ అంటుంది. మొత్తానికి పంపించాం.

సాయంత్రం బుట్ట మోసుకుని చిన్నమ్మ వెంట కార్ఖానాకు నడిచాను. చెకర్ ఒక్కో కట్టా తిప్పి చూశాడు.

"మావ్‌షీ, ఇవి ఒక్క చేతియి కావు గదా?"

చిన్నమ్మ గుడ్డ విప్పింది. "నా చెయ్యి గిట్లున్నది సాహెబ్. గివి మా గల్లీ చేతులు. పనిల తప్పుంటె తీసెయ్యిండ్రి."

అతను చాలాసేపు వెతికి ఒక్క కట్ట పక్కన పడేశాడు. "మిగిలినయి మంచిగున్నయి. ఇదెవలది?"

"మా అక్క బిడ్డది. శాన సదువుకున్నది."

వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. కార్డు మీద సంతకం పడింది.

ఇంటికొచ్చేసరికి పద్మ గడపలో కూర్చుని ఉంది. "కుటుంబమంటే ఏందని అడిగిండ్రు, బుక్కుల ఉన్నట్టు చెప్పిన. మీ ఇంట్ల ఎంతమంది అంటే ముగ్గురమన్న. బయటికొచ్చినంక రాజవ్వ యాదికొచ్చింది. తప్పు చెప్పినక్కా." అంటూనే ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

పద్మ పాసైంది. ఇప్పుడు అక్కడే అదే సబ్జెక్టు చెబుతోంది, కుటుంబం పాఠం రాజవ్వతో మొదలుపెడుతుంది. ఆ సందులకు వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఎవరైనా చేట ఇచ్చి చుట్టి చూడమంటే సరదాగా చుట్టండి. మీరు చుట్టినవి మాత్రం మీ జేబులోనే వేసుకోండి. ఆ బుట్ట మీద ఏ పిల్ల చదువు ఆధారపడి ఉందో మీకు తెలియదు.