ఊపిరి తగలకూడని అద్దం

చెప్పులు బయటే విడువు, కాళ్లు కడుక్కో, నోటికి గుడ్డ కట్టుకో. ఆ గది ఊడ్చడానికి నేను పోయినప్పుడల్లా దాన్ని చూసుకునే సైఫుల్లా అన్న పాడేది ఇదే పాట.

“ఏమన్నా, కొత్త పెండ్లికూతుర్ని దాచినట్టు దాస్తాండావే!” అని ఎగతాళి చేసేదాన్ని.

“పెండ్లికూతుర్ని తాకితే ఏం కాదు రెబెకా. దీన్ని తాకితే పోతాది” అనేవాడు.

బత్తలపల్లె దాటాక ఉన్న పైలట్ల శిక్షణ కేంద్రం మాది. ఆ గదిలో ఉండేది నేల విడవని ఉత్తుత్తి విమానం, సిమ్యులేటర్. దాని కిటికీ ముందు గోడంత అద్దం వంపు తిరిగి ఉంటుంది. రన్‌వే బొమ్మ అందులో పడి, నిజంగా మైళ్ల దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. అది గాజు కూడా కాదు, పలచటి ప్లాస్టిక్ పొర. మెరుపు పూత ముందువైపే ఉంటుంది. వెనక మోటరు గాలి లాగుతూ పొరను బిగువుగా పట్టుకుంటుంది.

సైఫుల్లా అంతకుముందు అనంతపురంలో అద్దాలకు ఫ్రేములు కట్టేవాడు. ఇళ్లలో అద్దాలకు పూత వెనక ఉంటుంది, ముందు ఎంత తుడిచినా భయం లేదు. ఆ చేతి అలవాటే కొంప ముంచింది. పరీక్షలకు ముందు దుమ్ముగాలి లేచిన రోజు అద్దం మీద మరక కనబడింది. హా అని ఊపిరి ఊది, భుజం మీది పాత లుంగీ ముక్కతో రుద్దేశాడు. ఏం చేశాడో రుద్దాక గానీ తెలియలేదు. అరచేయంత మేర పూత మాసి, పొర సొట్టపోయింది. సరిగ్గా రన్‌వే మొదలయ్యే చోట. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

అక్కడ శిక్షణ తీసుకునే పద్మప్రియ కణేకల్ పిల్ల. పొట్టిది. కూర్చుంటే చూపు సూటిగా ఆ సొట్ట మీదే పడేది. పరీక్షలో రెండుసార్లు విమానాన్ని నేలకు కొట్టింది. మూడోసారీ తప్పితే ఇంటికే. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

“కండ్లు బాగుండాయని డాక్టరు చెప్పినాడక్కా. మరి దిగేటప్పుడు నేల ఎందుకు వంగుతాది నాకు?”

పక్కనే ఉన్న సైఫుల్లా తల ఎత్తలేదు. నాకు అనుమానం తగిలింది. గదిలోకి లాక్కుపోయి అడిగితే అంతా కక్కేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నీ కూటి కోసం ఆ పిల్ల నోట్లో మన్ను కొడతావా? థూ!” అన్నాను.

మూడో పరీక్ష పొద్దున, అందరికీ పెద్ద అయిన జయచంద్ర సార్‌కు అద్దం ముందరే సైఫుల్లా నిజం చెప్పాడు. నేను చీపురు పట్టుకుని వాకిట్లోనే ఉన్నాను. సార్ సొట్టను చాలాసేపు చూశాడు.

“అద్దం చెడిందంటే పాసైనోళ్ల పరీక్షలు కూడా చెల్లవు. అందరికీ మళ్లా పెట్టాల. ఏమప్పా, చిన్న మరకకు ఇంత రచ్చా? నోరు మూసుకోని ఉండు. ఆ పిల్లను పిలువు.”

పద్మప్రియ వచ్చి సీట్లో కూర్చుంది. పాపం, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అద్దంలో రన్‌వే వెలిగింది.

సైఫుల్లా అద్దం దగ్గరికి నడిచాడు. సార్ కాళ్లు పట్టుకుని బతిమాలుతాడేమో అనుకున్నాను. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా బలంగా ఈడ్చాడు. పొర కిర్రుమంది. రన్‌వే, కొండలు, ఆకాశం అన్నీ ముడతలు పడిపోయాయి. ప్రభువా అని నేను చీపురు వదిలేశాను.

“ఇప్పుడు చిన్న మరక కాదు సార్” అన్నాడు సైఫుల్లా, ఏడుస్తూ. “పెట్టండి పరీక్ష.”

ఆ పూటే అతన్ని గేటు దాటించారు. పరీక్ష మాత్రం పెట్టలేకపోయారు.