అమ్మమ్మ పెద్దల్లుడు

మా అమ్మమ్మకి ఒక్కతే కూతురు, ఇద్దరు అల్లుళ్లు. చిన్నల్లుడు మా నాన్న. పెద్దల్లుడు సైకిలు. ఈ వరస కలిపింది నేనే. మొదటిసారి అన్నప్పుడు అమ్మమ్మ నా చెవి మెలిపెట్టింది గానీ, కాదని మాత్రం అనలేదు. అనడానికి నోరెలా వస్తుంది? పెద్దల్లుడికి ముందుగదిలో కిటికీ పక్కన చోటు, ఒంటిమీద దుమ్ము పడకుండా మెత్తటి పాత దుప్పటి. చిన్నల్లుడు పనినుంచి వచ్చి చెప్పులు విప్పుకోవాలంటే దాని పెడలు మోకాలికి తగలకుండా గోడకి అతుక్కుని నిలబడాలి. పాపం, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అలా అతుక్కునే ఉన్నాడు.

అమ్మమ్మ ఒక పెద్దాసుపత్రిలో బట్టల గదిలో పనిచేసేది. ఉతికి ఆరిన దుప్పట్లు, తువాళ్లు, దిండు గలీబులు మడతపెట్టి వార్డులకి పంపడం ఆ గది పని. ఎంత పెద్ద దుప్పటైనా రెండో మనిషి సాయం లేకుండా గాల్లోకి ఒక్క విసురు విసిరి, అది కిందికి దిగేలోపల అంచులు కలిపేసేది. మడత పూర్తయ్యాక పైన అరచేత్తో ఒక్క తట్టు. ఆ గదిలో అందరికీ అదే పద్ధతట. తట్టిన మడతని ఇక ఎవరూ విప్పకూడదు, పని తీరిపోయిందని గుర్తు. ఆ తట్టు మెల్లగా ఇంటికీ వచ్చేసింది. డబ్బాకి మూతపెట్టినా తట్టేది. సైకిలు తుడవడం అయితే సీటు మీద తట్టేది. నాకు జడ వేశాక నెత్తిమీద తట్టేది. అంటే నా పని కూడా తీరిపోయిందన్నమాట.

ఆసుపత్రివాళ్లు ఉతికే పనంతా బయటివాళ్లకి అప్పజెప్పారు. బట్టల గదిలో మందుల పెట్టెలు పెట్టుకున్నారు. అమ్మమ్మ ఇంట్లో పడింది. పడింది అన్న మాట ఊరికే అనడం లేదు. నిజంగానే పైనుంచి జారిపడ్డ మనిషిలాగే కొన్నాళ్లు అయోమయంగా తిరిగింది. తెల్లారగానే అలవాటుగా సైకిలు గుమ్మం బయటికి దించేది. దించాక ఎక్కడికి వెళ్లాలో తెలియక, చక్రాల్లో గాలి నొక్కి చూసి మళ్లీ లోపలికి ఎక్కించేది.

తర్వాత పని వెతకడం మొదలుపెట్టింది. ఒకచోట కుర్ర మేనేజరు వయసడిగి, విని, ఇంట్లో విశ్రాంతి తీసుకోవచ్చు కదమ్మా అన్నాడట. నువ్వు తీసుకో నాయనా, నీ మొహం చూస్తే నీకే అవసరంలా ఉంది అని చెప్పి వచ్చేసింది. ఇంకోచోట ఫోన్ చేస్తామన్నారు. ఆ మాట పట్టుకుని ఫోను పక్కన పెట్టుకునే తిన్నది, పక్కన పెట్టుకునే పడుకుంది. చివరికి మోగింది. ఎవరో నంబరు తప్పు నొక్కిన పెద్దమనిషి. ఇన్నాళ్లూ రాని ఫోన్ల కోపమంతా ఆయన మీద దింపేసింది. ఆయన మళ్లీ జన్మలో ఎవరికీ ఫోన్ చేసి ఉండడు.

ఏ రోజు ఎలా గడిచిందో ఆమెని అడగక్కర్లేదు. ముందుగది నేలమీద పాత పేపరు పరిచి దానిమీద ఏం విప్పి పెట్టిందో చూస్తే చాలు. బెల్లు ఒక్కటే విప్పిందంటే ఎవరో చిన్నమాట అన్నట్టు. బ్రేకులు విప్పిందంటే గేటు దగ్గరే ఆపేసినట్టు. వెనకచక్రం ఊడదీసి, ఇరుసులోని ఇనప గోళీలన్నీ గిన్నెలో కిరోసిన్లో నానేసిందంటే ఆ పూట ఎవరూ నోరు విప్పకూడదు. సైకిలు షాపతను మా వీధిచివరే ఉన్నా, దానిమీద అతని చెయ్యి పడనిచ్చేది కాదు. తన సైకిలు చప్పుడు చేయడం ఆమెకి పరువుతక్కువ. గొలుసుమీద ఉండే రేకు కవరు కూడా గలగలమంటోందని ఎప్పుడో పీకి అటక మీద పారేసింది.

మా అమ్మ ఊరుకునే రకం కాదు. ఈ వయసులో ఎండలో తొక్కుకుంటూ, చెమటకారుతూ వెళ్లి నిలబడితే ఎవరిస్తారమ్మా పని, ఆయన స్కూటరు మీద దింపుతారుగా అని రోజూ అనేది. నాన్న కూడా, దింపుతానత్తయ్యా, నాకేం ఇబ్బంది లేదు అని గోడకి అతుక్కునే చెప్పేవాడు. అమ్మమ్మ వినేది కాదు. పని కావాలి, ఆ పనికి తన సైకిలు తనే తొక్కుకుంటూ వెళ్లాలి. ఆమె లెక్కలో ఇవి రెండు కోరికలు కావు, ఒకటే.

ఇలా ఉండగా పాత స్నేహితురాలొకావిడ కబురు పెట్టింది. ఒక పెద్ద హోటలుకి సొంత బట్టల గది ఉందట, మడతపెట్టే మనిషి కావాలట. అమ్మమ్మ మొహం వెలిగింది. మర్నాడు పొద్దున్నే తయారై, నన్ను కూడా రమ్మంది. బడి మానేసి ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. పైగా లోపల తను మాట్లాడుతున్నంతసేపూ బయట పెద్దల్లుడికి కాపలా ఉండాలి కదా. తాళాన్ని ఆమె నమ్మదు.

తీరా బయల్దేరబోతుంటే వెనకచక్రంలోంచి టిక్కుమని వినపడిందట. నాకు వినపడలేదు. అమ్మకి వినపడలేదు. వీధికుక్క చెవులు కూడా కదల్లేదు. అమ్మమ్మకి మాత్రం వినపడింది. కొత్తచోటికి ఇలా టిక్కు టిక్కుమంటూ వెళ్తానా అని అక్కడికక్కడే పానా తీసింది. చక్రం విప్పింది, దులిపింది, బిగించింది. హడావిడిలో బిగించింది. చేతులు సబ్బుతో తోముకుంది. సీటు మీద ఒక తట్టు తట్టి, ఎక్కవే అంది.

సగం దారిలో చక్రం కాస్త ముందుకి జరిగి గొలుసు ఊడిపోయింది.

రోడ్డు పక్కన కూర్చుని అమ్మమ్మ తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. గొలుసుని తిట్టింది, నట్టుని తిట్టింది, దారినపోయే లారీని తిట్టింది, క్యారియరు మీద బరువుగా ఉన్నందుకు నన్ను తిట్టింది. గొలుసు ఎక్కించి, నట్లు బిగించి, మళ్లీ తొక్కి హోటలు వెనక గుమ్మానికి చేరేసరికి రెండు చేతులూ మణికట్టుదాకా నల్లగా ఉన్నాయి. సబ్బుకి లొంగే నలుపు కాదది.

బట్టల గదికి తోపుడుబళ్లు పట్టేంత వెడల్పు తలుపు. నేను సైకిలు పట్టుకుని ఆ తలుపు పక్కనే నిలబడ్డాను కాబట్టి అంతా కనపడింది. లోపల ఆవిరి, వేడి, కొండల్లా తెల్లదుప్పట్లు. గోడవార బల్లమీద ఇదే పని కోసం వచ్చిన ఆడవాళ్లు ఇంకొందరు కూర్చున్నారు. గదికి పెద్ద ఒక సన్నటావిడ. నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది. తాళాలావిడ అమ్మమ్మని పైనుంచి కిందికి చూసి, చేతులు చూపించండి అంది.

అమ్మమ్మ చూపించింది. "ఇది గ్రీజండీ, మురికి కాదు."

"ఆ తేడా మీకు తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. దుప్పటికి తెలీదండీ."

కడుక్కుని ఇంకోరోజు రమ్మంది. ఇంకోరోజంటే బల్లమీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఆ పనిలో ఉంటారని అమ్మమ్మకి తెలియదా? కదల్లేదు. మూల పడేసి ఉన్న చిరిగిన గలీబుల్లోంచి రెండు తీసుకుని, చేతులకి సంచుల్లా తొడుక్కుంది. ఒక్క దుప్పటి ఇప్పించండి, నచ్చకపోతే నేనే వెళ్లిపోతాను అంది.

ఇప్పించారు. ఇద్దరు పడుకునే మంచానికి సరిపడే దుప్పటి. గలీబుల్లో దాగిన చేతులతోనే అమ్మమ్మ దాన్ని ఒక్క విసురు విసిరింది. అది గాల్లో పడవ తెరచాపలా ఉబ్బి, నింపాదిగా దిగింది. అంచుకి అంచు, మూలకి మూల. ముడత అన్న మాట లేదు. బల్లమీద ఆడవాళ్లు కూడా మెడలు సాచి చూశారు. తాళాలావిడ తాళాలు సవరించుకోవడం ఆపేసింది. నేను సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. వచ్చేసింది పని, ఇక ఇంట్లో గోళీలు తొక్కే బాధ తప్పింది అనుకున్నాను.

అమ్మమ్మ ఆఖరి మడత వేసింది. తృప్తిగా ఊపిరి వదిలింది. గలీబులు రెండూ తీసి పక్కన పెట్టింది. ఎన్నేళ్లుగానో చేస్తున్నట్టే, అరచేత్తో దుప్పటి మీద ఒక్క తట్టు తట్టింది.

ఐదు వేళ్లూ పడ్డాయి. బొటనవేలి గీతలతో సహా.

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అమ్మమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది. తాళాలావిడ ఆ ముద్రకేసి చూసి ఇలా అంది:

"మడత బాగుంది. రేపట్నుంచి రండి. సైకిలు మాత్రం వద్దు, బస్సులో రండి."

వచ్చేటప్పుడు అమ్మమ్మ సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ వచ్చింది. పని దొరికిన మనిషి మొహంలా లేదు అది. నేను ఊరుకోలేక, పోనీలే అమ్మమ్మా, పెద్దల్లుడికి కూడా రిటైర్మెంటు వచ్చిందనుకో అన్నాను. చెవి మెలిపెట్టలేదు. అప్పుడు నాకు భయమేసింది.

ఇంట్లో అమ్మ సంతోషించింది. నాన్న, బస్సెందుకత్తయ్యా, స్కూటరుంది కదా అని మళ్లీ మొదలెట్టాడు. అమ్మమ్మ సైకిలు ముందు పీట వేసుకుని కూర్చుంది. ఏదీ విప్పలేదు. కాసేపటికి పీట ఎత్తుకెళ్లి అటక కింద వేసి, దానిమీద ఎక్కి, నన్ను పట్టుకోమని చెప్పి, లోపలెక్కడో చెయ్యి పెట్టి తడిమింది. బూజుతో సహా ఒక రేకు కవరు బయటికొచ్చింది. గలగలమంటోందని పీకేసిన గొలుసు కవరు.

"నీకు ఆ చప్పుడు పడదుగా?" అంది అమ్మ.

"పడదు," అంది అమ్మమ్మ, మరలు బిగిస్తూ. "కానీ ఇది ఉంటే గొలుసు ముట్టుకుందామన్నా నా చెయ్యి దూరదు."

మర్నాడు సైకిలు మీదే బయల్దేరింది గానీ, పానా ఇంట్లోనే వదిలేసింది. దొంగని సరుకు దగ్గరికి పంపనట్టు, తన చేతులని తనే నమ్మలేదు. హోటలు వెనక గుమ్మంలో తాళాలావిడ, బస్సులో రమ్మన్నాను కదండీ అందట. ముందు చేతులు చూడండి అని అమ్మమ్మ రెండు చేతులూ ముందుకి చాచిందట. రాత్రే కిరోసిన్తో రుద్దుకుంది కాబట్టి తెల్లగా ఉన్నాయి. ఆవిడ తిప్పి కూడా చూసింది. ఏ రోజు నలుపు కనపడితే ఆ రోజునుంచి బస్సే, ముందే చెప్తున్నాను అని లోపలికి పంపింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆవిడ చూస్తూనే ఉంది, అమ్మమ్మ చాస్తూనే ఉంది. చిన్నపిల్లనా నేను, గోళ్లు చూపించడానికి అని ఇంటికొచ్చి గొణుగుతుంది.

ఆ కవరు మాత్రం మారలేదు. గుడ్డపేలికలు కుక్కి చూసింది, రబ్బరు ముక్కలు దూర్చి చూసింది, చెప్పుతో రెండు అంటించి కూడా చూసింది. గలగల ఆగలేదు. వీధి మొదట్లో ఉండగానే వినపడుతుంది. అమ్మ స్టవ్వు మీద టీకి నీళ్లు పెడుతుంది. నాన్న గోడకి అతుక్కుని దారి ఇస్తాడు. అమ్మమ్మ చిటపటలాడుతూ లోపలికొచ్చి, ఈ దరిద్రపు రేకు నా ప్రాణానికి వచ్చింది అని తిట్టుకుంటూ పెద్దల్లుడికి దుప్పటి కప్పుతుంది.

సీటు మీద తట్టడం మానలేదు. కాకపోతే ఇప్పుడు చేతిని తిప్పి, వెనకవైపుతో తడుతోంది. నాకు జడ వేశాక నెత్తిమీద కూడా అంతే. అరచేయి పడితే మెత్తగా ఉండేది. ఇప్పుడు వేలిఎముకలు ఠంగుమని తగులుతున్నాయి. చెప్తే వినదు.