ఇంట్లో ఛార్జి తీసుకునే మగవాళ్లు: శక్తినగర్‌లో ఒక ఆదివారం

మా చర్చి విచారణలో, అంటే పారిష్‌లో, మగవాళ్ల ప్రార్థన సంఘం రెండుసార్లు పుట్టి రెండుసార్లు పోయింది. రెండుసార్లూ పెట్టింది నేనే. మొదటిసారి ఇరవై మందితో మొదలై ఐదుగురికి వచ్చింది. రెండోసారి చివరి ఆదివారం హాల్లో నేనూ, తాళంచెవి పట్టుకున్న వాచ్‌మనూ మిగిలాం. అయినా ఫాదర్‌గారికి నా మీద నమ్మకం చావలేదు. ఈస్టరుకు ముందొచ్చే ఈ తపస్కాలంలో మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఈసారీ పోతే ఇక ఆ మాట ఎత్తనని కూడా చెప్పారు. పెట్టే ముందు రాయచూరు దగ్గర శక్తినగర్ థర్మల్ ప్లాంటు కాలనీలో ఇలాంటి సంఘం ఏళ్ల తరబడి నడుస్తోందట, ఒకసారి చూసి రమ్మన్నారు. మా ఆవిడ నిర్మలకు చెబితే, "పోయి రాండ్రి" అని ఊరుకుంది. ఈ మధ్య ఏం చెప్పినా ఆమె అంతే అంటోంది. సంసారం సాఫీగా సాగుతోందని నేను అనుకుంటున్నాను.

మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే ఐదున్నరకు రాయచూరు బస్సు ఎక్కాను. మక్తల్ దాటాక పొలాలు చదునుగా పరుచుకుంటాయి. కృష్ణ మీద వంతెన దాటుతుండగా ఎడమా కుడీ చూసుకోకుండానే చిమ్నీలు కనబడతాయి. నేను వాటిని చక్కగా ఫోటో తీసుకుని, సీట్లో సర్దుకుని, అక్కడ దిగకుండా రాయచూరు దాకా వెళ్లిపోయాను. టికెట్టు రాయచూరుకు తీసుకున్నాను కాబట్టి రాయచూరులోనే దిగాలనుకున్నాను. జిల్లా కోర్టులో గుమస్తాగా పాతికేళ్లు పనిచేసినవాడి బుర్ర అలాగే ఆలోచిస్తుంది. ఎనిమిదిన్నరకు బస్టాండులో ఇడ్లీ తిని, శక్తినగర్ ఎటు అని ఒక షేర్ ఆటో డ్రైవర్ని అడిగాను. పేరు ఖాజా, యాభై ఏళ్లుంటాయి.

"ఏడికెంచి వచ్చిండ్రు సార్?" అన్నాడు. చెప్పాను. హ్యాండిల్ మీద చేతులు పెట్టి నవ్వాడు. "మీరొచ్చిన తొవ్వల్నే ఉండె గద! బ్రిడ్జి దాటంగనే దిగితే అయిపోతుండె. ఫికర్ జేయకుండ్రి, గిట్ల శానమంది వస్తరు నా దిక్కు."

వెనక్కి ఇరవై కిలోమీటర్లు, నలభై రూపాయలు, ముప్పావుగంట. దారి పొడవునా బూడిద లారీల వెనకే నడిచింది ఆటో. కాలనీ చర్చి గురించి అడిగితే ఖాజాకు బాగానే తెలుసు. "ఆ సంఘపోల్లు మంచోళ్లు సార్. డ్యూటీ దిగినంక మస్తు జల్ది ఇంటికి వోతరు. నాకే లుక్సాన్. ముందుగాల ఛాయ్ అడ్డ కాడ ఒక్కొక్కల్ని ఇంటికాడ దించనీకె సవారి దొరుకుతుండె" అన్నాడు. మగవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లడం వల్ల నష్టపోయిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

చర్చి చిన్నది. చెట్ల ఆకుల మీద, కిటికీ ఊచల మీద పల్చటి బూడిద పొర. ఎక్కడ నిలబడ్డా ప్లాంటు హోరు వినబడుతూనే ఉంటుంది, కాసేపటికి చెవి దాన్ని మర్చిపోతుంది. పూజ సగమైంది. కన్నడంలో సాగుతోంది, బైబిల్లోని సువిశేషం మాత్రం మళ్లీ తెలుగులో చదివారు. ఫాదర్‌గారు ముందే ఫోన్ చేసి ఉంచారు కాబట్టి, పూజ అయ్యాక నా కోసం శౌరయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఈ సంఘం మొదలుపెట్టింది ఆయనే. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి సింధనూరు కాలువ కింద భూమికి వచ్చి స్థిరపడ్డారట. ఈయన బాయిలర్ ఆపరేటరుగా చేరి, ఇక్కడే రిటైరయ్యారు.

"ఏడింటి మీటింగు తప్పిపోయారండీ. పర్లేదు, మూడింటికి మళ్లీ ఉంది. అదే మీటింగు, అదే ప్రార్థన" అన్నారు.

ఒకే రోజు ఒకే మీటింగు రెండుసార్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. వాళ్లింటికి నడుస్తూ చెప్పారు. ప్లాంటులో షిఫ్టులు ఆరింటికి, రెండింటికి, రాత్రి పదింటికి మారతాయి. రాత్రి పనిచేసి దిగినవాళ్లు, మధ్యాహ్నం ఎక్కబోయేవాళ్లు ఏడింటికి వస్తారు. పొద్దున ఎక్కినవాళ్లు రెండింటికి దిగి, అన్నం తిని మూడింటికి వస్తారు. మా ఊళ్లో నేను ఆదివారం సాయంత్రం నాలుగని పెట్టి, రానివాళ్లకు విశ్వాసం తక్కువని ఫాదర్‌గారికి చెప్పుకున్నాను. వాళ్లలో సగంమంది ఆ వేళ దుకాణాల్లో ఉంటారన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

శౌరయ్యగారి భార్య లూర్దమ్మగారు జొన్నరొట్టె చేస్తున్నారు. ఈయన వెళ్లగానే చెప్పులు విప్పి, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ రొట్టె తడుతూనే ఏదో చెప్పారు. ఈయన తలాడిస్తూ విన్నారు. పది నిమిషాలు అలా గడిచింది. నేను ముందు గదిలో మరియమాత పటం కింద కూర్చుని, అతిథిని వదిలేసి ఇదేమిటి అని కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఆయన బయటికి వచ్చి, "ఏమనుకోకండి, ఛార్జి తీసుకోవడం అయితేగానీ వేరే పని ముట్టుకోను" అన్నారు.

ప్లాంటులో ఛార్జి అంటే ఏమిటో రొట్టె తింటూ వివరించారు. దిగే మనిషి సంతకం పెట్టి చక్కా పోకూడదు. ఎక్కే మనిషిని వెంట తిప్పి, ఏ పంపు మామూలుగా ఉంది, ఏది వింతగా మోగుతోంది, దేని మీద కన్నేసి ఉంచాలి అన్నీ చెప్పాలి. ఎక్కేవాడు మధ్యలో అడ్డుపడకూడదు, "నేనైతే ఇలా చేసుండేవాణ్ణి" అనకూడదు. మొత్తం విన్నాక "నేనేం చూసుకోవాలి?" అని మాత్రం అడగాలి. అవతలి మనిషి రాకుండా ఇవతలి మనిషి కదలకూడదు.

"ఒకరోజు పంపు చప్పుడు గురించి నా తర్వాత వచ్చినోడికి అరగంట చెప్పానండి. ఇంటికొస్తే తాళం. మా పెద్దమ్మాయికి రెండ్రోజుల్నుంచి జ్వరం, ఈవిడే రాయచూరు ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆ సంగతి పక్కింటివాళ్లు చెబితే తెలిసింది నాకు. పంపు సంగతి తెలిసినోణ్ణి, పిల్ల సంగతి తెలీదు. సిగ్గేసింది."

ఆ సిగ్గులోంచే సంఘం పుట్టింది. ప్రార్థన, సువిశేష పఠనం అన్ని సంఘాల్లాగే ఉంటాయి, మరియమాత భర్త జోజప్పగారి జపమూ ఉంటుంది. దానికి తోడు ఒకే ఒక్క నియమం. డ్యూటీ దిగి ఇంటికెళ్లిన ప్రతివాడూ భార్య దగ్గర పది నిమిషాలు ఛార్జి తీసుకోవాలి. లూర్దమ్మగారు పెరుగు వడ్డిస్తూ, "మొదట్లో నాకేం చెప్పాలో తెలిసేది కాదు బాబూ. గ్యాస్ అయిపోయింది, పాలవాడు రాలేదు అని నాలుగు రోజులు చెప్పా. ఐదో రోజు ఏడుపొచ్చింది. ఆయన లేచి పోలేదు" అన్నారు. నిర్మల నా ముందు చివరిసారి ఎప్పుడు ఏడ్చిందో గుర్తు చేసుకోబోయాను, గుర్తు రాలేదు.

మూడింటికి చర్చి పక్క రేకుల షెడ్డులో పద్నాలుగు మంది చేరారు. కొందరి బూట్లకు ఇంకా బొగ్గు మసి ఉంది. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి, "తీసుకున్నా" అనో, "మూడు రోజులు తీసుకోలే" అనో చెప్పి కూర్చున్నారు. అంతే. ఏం విన్నారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇంత క్లుప్తంగా ఎందుకని పక్కనున్న రాయప్పను గుసగుసగా అడిగాను. బొగ్గు విభాగంలో పనిచేస్తాడు, రాయచూరు పాతబస్తీ మనిషి. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నా వల్లనే సార్ గీ రూలు. ప్లాంట్ల అన్ని బుక్కుల రాస్తం గద, గట్లనే ఇంట్ల గూడ రాసిన. తారీఖు, టైము, భార్య చెప్పింది, అన్ని. మీటింగుల నిలవడి సదివిన. మా అమ్మ సతాయిస్తున్నదని నా పెండ్లాం చెప్పింది గూడ సదివిన. మా మేనమామ గాడ్నే కూసున్నడు!"

"తర్వాత?"

"ఏంది తర్వాత? మూడు వారాలు మాట్లాడలే నాతోని. పూజకు గూడ రాలే. ఆ బుక్కు ఆమె ముంగటనే పొయ్యిల వెట్టిన, అప్పుడు రొట్టె వెట్టింది."

అందరూ అయ్యాక శౌరయ్యగారు నా వైపు చూశారు. అతిథి అయినా చెప్పాల్సిందేనట. నేను లేచి, మా విచారణలో చేయబోయే కార్యక్రమాల గురించి సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు మొదలుపెట్టబోయాను. షెడ్డంతా ఓపికగా చూస్తోంది. రెండు సంఘాలు పెట్టి, ఆదివారాలన్నీ హాల్లో గడిపి, మా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదని ఆ క్షణంలో తెలిసి భయం వేసింది. "తీసుకోలేదు. ఎప్పుడూ తీసుకోలేదు" అని కూర్చున్నాను. ఎవరూ నీతి చెప్పలేదు. తర్వాతి మనిషి లేచాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడి నిర్మలకు ఫోన్ చేశాను. ఛార్జి గురించి వివరించే ఓపిక లేక, "ఇంట్ల ఏం సంగతి? ఏదున్నా చెప్పు, వింట" అన్నాను.

"ఏమైంది మీకు? పైలమేనా?" అని కంగారుపడింది. బాగానే ఉన్నానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అది చాలా కష్టమైన పని అని ఇక్కడ రాసి పెట్టాలి. చివరికి మెల్లగా చెప్పింది. "రేపటికి అమ్మ పోయి ఏడాది. పొద్దుగాల ఆరింటికి పూజ చెప్పించిన. సంఘం పని మీద తిరిగొస్తరు, అలసిపోతరని మీకు చెప్పలే. నేనొక్కదాన్నే పోదామనుకున్న."

వాళ్లమ్మ సమాధి దగ్గర పోయినేడు ఆమె పక్కన నిలబడింది నేనే. తారీఖు మర్చిపోయాను. క్షమించమనాలని నోటి దాకా వచ్చింది గానీ, ముందు అడగాల్సింది అడిగాను. "నేనేం చూసుకోవాలె?"

"పూలు తీస్కరాండ్రి" అంది.

మా చర్చిలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. మర్నాడు ఆరింటికి పట్టుమని పదిమంది లేరు. నేను వెళ్లి నిర్మల పక్కనే కూర్చున్నాను. పూజ అయ్యాక ఈ తపస్కాలానికి సంఘం పెట్టలేనని ఫాదర్‌గారికి చెప్పాను. ముందు నలభై రోజులు నేను ఇంట్లో వినడం నేర్చుకుంటాను, ఈస్టరు తర్వాత దుకాణాలవాళ్లను వాళ్లకు వీలైన వేళ అడుగుతాను. ఆయన కాస్త నిరాశపడ్డారు. నాకు మాత్రం ఈ మూడోసారి చేస్తున్నదే అసలైన మొదలు అనిపిస్తోంది. విశ్వాసం బలపడడమంటే హాలు నిండడమని ఇన్నాళ్లూ లెక్కేసుకున్న నాకు, శక్తినగర్‌లో పద్నాలుగు మంది ఒక్కో మాట చెప్పి కూర్చోవడం ఇంకా అర్థమవుతూనే ఉంది.

ఇలాంటి సంఘం పెట్టాలని అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మహబూబ్‌నగర్ వైపు నుంచి వస్తే వంతెన దాటగానే దిగండి, మూడింటి మీటింగు చూసుకుని నాలుగున్నర బస్సు పట్టుకోండి. అది తప్పితే మళ్లీ ఏడు దాటాకే ఇంకోటి, మీరు ఇల్లు చేరేసరికి మీ ఆవిడ పడుకుని ఉంటుంది. అప్పుడు మీరు వెళ్లొచ్చినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే.