బాలస్వామి లాభం లెక్క

కొల్లేటికోటలో చేపపిల్లలు లెక్కపెట్టాలంటే బాలస్వామే రావాలి. చెరువు ఎవరిదైనా సరే, వ్యాను దిగిన పిల్లల్ని చిల్లుల గిన్నెతో ముంచి నీళ్లలో వదులుతూ ఆయన గొంతెత్తాడంటే గట్టంతా వినబడాల్సిందే. ఒకటి అనడు, ఆ మాట నోటికి రానివ్వడు. "లాభం... రెండు... మూడు..." అంటాడు. పది గిన్నెలకో ఆల్చిప్ప గట్టుమీద పెడతాడు. నలభై ఏళ్లుగా ఇదే వరస.

అలాంటి మనిషి మొన్న వేసవిలో తప్పాడు. చెరువు రైతు హేమంత్‌కుమార్ మధ్యలో ఏదో అడిగాడు, ఈయన జవాబు చెప్పాడు, తిరిగి చూస్తే ఆల్చిప్ప పెట్టాడో లేదో గుర్తులేదు. మర్చిపోయానని చెప్పొచ్చు కదా! అబ్బే, పరువు పోదూ? పెట్టేశానులే అనుకుని ముందుకెళ్లిపోయాడు. పది గిన్నెలు ఎక్కువ పడ్డాయి. నెల తిరక్కుండా పిల్లలు గాలాడక చచ్చి తేలాయి. హేమంత్‌కుమార్ కేకలెయ్యలేదు. "ఇంకొక్కసారి చూద్దామండీ. మళ్లీ తప్పితే మాత్రం వేరే మనిషిని పెట్టుకుంటానండీ" అన్నాడు. ఆ మెత్తటి మాటకి బాలస్వామికి రెండు పూటలు అన్నం సయించలేదు.

కోడలు తేజశ్రీ ఏలూరులో కంప్యూటరు డిగ్రీ చదివింది. "మావయ్యగారూ, ఫోన్లో బటన్ పెడతానుండండి. గిన్నె వదిలినప్పుడల్లా నొక్కండి, అదే లెక్కపెడుతుంది" అంది. రెండు రోజులు కూచుని ప్రోగ్రాము రాసింది. బాలస్వామి నొక్కాడు. ఒకటి. మళ్లీ నొక్కాడు. ఒకటి. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే.

"ఓర్నీ దుంపతెగ! నాకంటే మతిమరుపుదే ఇది" అని పడీపడీ నవ్వాడు. తేజశ్రీకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

నవ్వు ఆగాక ఆయనకి ఊరుకోబుద్ధి కాలేదు. "అసలు నొక్కినప్పుడల్లా లోపల ఏం జరుగుతుందమ్మా?"

"ఈ మూడు లైన్లూ పనిచేస్తాయండీ. లెక్క సున్నా అనేది మొదటిది. దానికి ఒకటి కలపమని రెండోది. చూపించమని మూడోది."

"ఆ తర్వాత లెక్క ఎక్కడుంటుంది?"

"ఎక్కడా ఉండదండీ. పనైపోగానే పోతుంది."

"మళ్లీ నొక్కితే?"

"మళ్లీ మొదటి లైను నుంచి..." తేజశ్రీ ఆగిపోయింది.

"అంటే గిన్నెగిన్నెకీ లాభం అనమని నువ్వే చెప్పావన్నమాట! లాభం ఒక్కసారేనమ్మా, మొదలెట్టేటప్పుడు. ఇంకోటి, నేను ఆల్చిప్పని గిన్నెలో వేస్తానా? వేస్తే పిల్లలతోపాటే నీళ్లలోకి పోదూ? గట్టుమీద పెడతాను. గిన్నె ఎన్నిసార్లు ఖాళీ అయినా అది అక్కడే ఉంటుంది. మరి దీనికి గట్టు లేదా?"

"ఉందండీ!" తేజశ్రీ మొహం విప్పారింది. సున్నా లైనుని ఆ మూడింట్లోంచి తీసి, పైన బయట పెట్టింది. ఇక అది ప్రోగ్రాము తెరిచినప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది. నొక్కినప్పుడల్లా అక్కడున్న అంకెకే ఒకటి కలుస్తుంది. బాలస్వామి ముప్ఫై దాకా నొక్కి, కాఫీ తాగొచ్చి మళ్లీ నొక్కాడు. ముప్ఫై ఒకటి. "ఆఁ! గుర్తుందే దీనికి!" అని చుట్టుపక్కల నలుగురికీ చూపించాడు.

మంగళవారం హేమంత్‌కుమార్ చెరువు గట్టుమీద గుంజకి ఫోను కట్టారు. నూట ఇరవై గిన్నెలు వదలాలి. తడవని ఎడమచేత్తో నొక్కుతూ, నోటితో తన లెక్క తను చెప్పుకుంటూ బాలస్వామి అరవై దాటించాడు. అంతలో వ్యాను డ్రైవరు "ఏవండీ, బండి వెనక్కి తియ్యనా?" అని అరిచాడు. సరేనని తలూపి తిరిగేసరికి నోట్లో లెక్క లేదు. హేమంత్‌కుమార్ తన వంకే చూస్తున్నాడు.

పోయినసారి మింగేసిన మాట ఈసారి బయటికొచ్చింది. "మర్చిపోయానండీ" అన్నాడు బాలస్వామి, దాపరికం లేకుండా. గుంజ వంక చూశాడు. అరవై మూడు.

"కానివ్వండి మరి" అన్నాడు హేమంత్‌కుమార్.

బాలస్వామి గిన్నె ముంచాడు. "అరవై నాలుగు!" అన్న కేక గట్టు అవతల దాకా వినబడింది.