నిన్ననే సున్నం వేసిన సమాధి

1969లో ఈస్టర్ ముందరి శనివారం, పొద్దున తొమ్మిది గంటలకు మొయినాబాద్‌లో బస్సులు ఆగినయి. తెలంగాణ కావాలని విద్యార్థులు రోడ్డు మీద కూర్చున్నరు. నేను పట్నం నుంచి చేవెళ్లలోని మా ఇంటికి పోతున్న. చాయ్ హోటల్ బల్ల మీద నా పక్కన కూర్చున్న ముసలాయన చేవెళ్ల నుంచి పట్నం పోతున్నడు. దవాఖానల కాంపౌండర్ నౌకరి అయిపోయిందట. బహ్రెయిన్ దీవిలో ఉన్న తమ్ముని దగ్గర ఉండిపోవడానికి బయల్దేరిండు.

"అక్కడ చలి ఉండదట, బిడ్డా. పన్నులు గూడ లేవట."

"మీకేం పన్ను పడ్తది, బాపూ?"

"నా పింఛనుకు ఎవడేస్తడు! మోకాళ్లకు వేడి మంచిదని పోతున్న," అని నవ్విండు.

తర్వాత సంచిలోంచి ఒక కొవ్వొత్తి తీసిండు.

"రేపు తెల్లారక ముందే మావోళ్లు చేవెళ్లల సమాధుల కాడ దీపాలు పెడ్తరు. మా ఇంటామెకు పెట్టెటోళ్లు లేరు. జర నువ్వు పెడ్తవా?"

"మేం హిందువులం, బాపూ. ఆమెది ఏదో నాకెట్ల తెలుస్తది?"

"నిన్ననే సున్నమేసిన. తెల్లగ అదొక్కటే కనపడ్తది."

అంతలోనే బస్సులు కదిలినయి. పేర్లు అడిగే సందు దొరకలేదు.

ఆదివారం తెల్లవారుజామున పోయి చూస్తే అన్ని సమాధులూ తెల్లగనే ఉన్నయి. అందరూ శనివారం నాడే సున్నం వేస్తరట. ప్రయాణం ఉన్నదని ఆయనొక్కడే ముందు రోజు వేసిండు. పేరు రాసి ఉంటే ఆయన అదే చెప్పెటోడు. పేరు రాయనివాటిలో మూడింటికి దీపం లేదు. కొవ్వొత్తిని మూడు ముక్కలు చేసి మూడింటి కాడా వెలిగించిన.

ఆయనకు భార్య పోయింది, ఊరు పోయింది. ఆమెకు రావలసిన కొవ్వొత్తిలో మూడింట రెండు వంతులు పోయినయి.